మంద్రస్వరపు పుస్తకం

ఇరవై రోజులుగా నడుస్తున్నా తన వెంట ఎవరూ పడకపోవడం గాస్పరోకి మొదట అదృష్టమనిపించింది, తరవాత వింత అనిపించింది, సరిహద్దు కొండలు ఎక్కే వేళకు అవమానమనిపించసాగింది.

అతడిది తంత్రుల వర్తకుడి వేషం. భుజాన వాద్యాలకు కట్టే గొర్రెపేగు తంత్రుల చుట్టలు, నడుముకు ఒక చిన్న కత్తెర, చుట్టల అడుగున మైనపు గుడ్డలో చుట్టిన సన్నని పుస్తకం. ఆ పుస్తకం కోసం మాంత్రికుడు మల్ఫేరియో ఆకాశం మీదికి గాజు గద్దలను, నేల మీదికి గుర్రపు దళాలను వదులుతాడని బయలుదేరేటప్పుడు తోటివాళ్లు హెచ్చరించారు. గాస్పరో ఆ హెచ్చరికను నమ్మి పదకొండు రోజులు పొదల్లోనూ పాడుబడ్డ గానుగల్లోనూ దాక్కుంటూ ప్రయాణం చేశాడు. ఎవరూ వెతకలేదు. పన్నెండో రోజున దాక్కోవడం మానేశాడు. పదిహేనో రోజున నడిబాట మీద నిలబడి గొంతెత్తి పాడాడు. కొండలు రెండుసార్లు బదులు చెప్పి ఊరుకున్నాయి.

మిగిలింది ఇంక నాలుగు రోజులు. ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన పగటి నడిమి ఘడియలో మల్ఫేరియో తన గాజుమేడ కప్పుకు బిగించిన అద్దం గుండా సూర్యుణ్ణి కొలిమిలోకి దింపి, బంధించిన కంఠాల కుప్పెలకు మూతులు కరిగించి అతికిస్తాడు. అలా అతికిన కుప్పె మరి తెరుచుకోదు. ఆ కుప్పెల్లో రోకాల్బా నగరపు ఏడువేల కంఠాలున్నాయి. వాటిలో ఒకటి గాస్పరో భార్య జెనెవ్రాది.

ఇంతకు కారణమేమిటో క్రమంగా చెప్పుకోవాలి. మల్ఫేరియో పుట్టుకతో దుర్మార్గుడు కాడు. ఒకప్పుడు రోకాల్బా ఆస్థానంలోనే గాయకుడు. పాడిన పాట గాలిలో కలిసిపోవడాన్ని భరించలేని మనిషి. చిత్రకారుడి బొమ్మ గోడ మీద ఉంటుంది, శిల్పి విగ్రహం వీథిలో నిలుస్తుంది, తన పాట మాత్రం మరుక్షణాన లేకుండా పోతుంది. ఈ బాధ అతణ్ణి గాజు ఊదేవారి దగ్గరికి, అక్కణ్ణుంచి క్షుద్రవిద్య దగ్గరికి నడిపించింది. ముందు ఒక కోకిల గొంతును కుప్పెలో నిలిపాడు. తరవాత ఒక గాయని గొంతును నిలిపాడు. ఆ తరవాత ఆపడం అతడి చేతిలో లేకపోయింది. కిందటి శిశిరంలో ఒక మధ్యాహ్నం రోకాల్బా మీద గాజుమంచు కురిసింది. అది కరిగేసరికి నగరంలో బళ్ల చప్పుడు ఉంది, గంటల మోత ఉంది, మనిషి గొంతు లేదు.

పొరుగు జమీందారు ఇంట పెళ్లికి పాడటానికి వెళ్లిన ఆరుగురు మాత్రం గొంతులతో తిరిగివచ్చారు. ఆస్థాన స్వరకర్త అంబ్రోజియో ఒకరు. తక్కిన అయిదుగురూ అతడి గాయకులు. వారిలో ఒకడైన గాస్పరో ఇంటికి వెళ్లేసరికి జెనెవ్రా గుమ్మంలో నిలబడి పెదవులు కదిపింది. ఆ పెదవులు ఏమంటున్నాయో అతడికి అర్థమైంది. అర్థం కావడం వేరు, వినడం వేరు అని కూడా ఆ రోజే అర్థమైంది.

మల్ఫేరియో గాజును చిట్లించగలది అయిదు వరసల పొందిక ఒక్కటేనని అంబ్రోజియోకి తెలుసు. నలభై రోజులు గది తలుపులు మూసుకుని ఒక పాట కట్టాడు. రోకాల్బా ఉన్న సాల్వెర్న రాజ్యంలో అనేక గొంతుల పాటను ఒకే కాగితం మీద రాసే వాడుక లేదు. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క పుస్తకం. ఎవరి పుస్తకంలో వారి వరస మాత్రమే ఉంటుంది, ఇతరులు పాడే చోట విరామ చిహ్నాలు ఉంటాయి. అయిదు పుస్తకాలూ ఒక బల్ల చుట్టూ చేరితే తప్ప పాట ఎలా ఉంటుందో, రాసినవాడికి కాక మరెవరికీ తెలియదు. చివరి పుస్తకం మీద సిరా ఆరేలోగా అంబ్రోజియో కన్నుమూశాడు. కనుక ఆ పాటను ఈ భూమి మీద ఎవరూ వినలేదు. అయిదుగురూ అయిదు దారుల్లో వెళ్లి గాజుమేడ వాకిట కలుసుకోవాలని, ఎవరు ఏ దారిన పోవాలో కూడా గురువే రాసిపెట్టి పోయాడు.

గాస్పరోది అన్నిటికన్నా కింది వరస, మంద్రస్వరం. ఇంటికి పునాది ఎలాంటిదో పాటకు అది అలాంటిది. పునాదిని చూడటానికి ఎవరూ ఊళ్లు దాటి రారు. దీర్ఘమైన స్వరాలు, వాటి మధ్య అంతకన్నా దీర్ఘమైన విరామాలు. అభ్యాసం తప్పకూడదు కనుక ప్రతి ఉదయం పాడుకునేవాడు. తక్కిన నలుగురూ పాడవలసిన చోట వేళ్లు మడుస్తూ తాళపు మాత్రలు లెక్కపెట్టుకునేవాడు. ఆ లెక్క దగ్గరే ఒంటరితనం అతడికి బాగా తెలిసివచ్చేది. ఒక లోయలో మేకలు కాసే ముసలివాడు ఆ పాటను చివరిదాకా ఓపిగ్గా విని, "పాటేనా నాయనా, కడుపులో ఏవన్నా బాధా?" అని అడిగి, ఒక జున్నుముక్క చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆ పుస్తకంలో మరో విడ్డూరం ఉంది. స్వరాల నెత్తిన అక్కడక్కడ సన్నని అంకెలు: ఆరు, నాలుగు, మూడు, ఏడు. అంబ్రోజియో మునుపెన్నడూ అలా రాయలేదు. అంత్యదశలో చెయ్యి వణికి చేసిన గీతలనుకుని గాస్పరో వాటిని చూసీ చూడనట్టు వదిలేశాడు. పాత పద్ధతిలో శ్రద్ధగా నేర్చినవాడు మాత్రమే చేయగల పొరపాటు అది.

ఆ అంకెలే అతణ్ణి పట్టించాయి.

కొండలకు ఆవలివైపు బూడిదకోట ఉంది. ఉప్పు కయ్య అనే నీటి మడుగు నడుమ మల్ఫేరియో గాజుమేడ ఉన్న ద్వీపానికి పోయే దారిని కాపలా కాసే కోట అది. దాని దళపతి రూజెరో మాంత్రికుడికి భయపడి లొంగినవాడు. భయపడ్డవాడు కనుక జాగ్రత్తపరుడు. ద్వారం దగ్గర భటులు తంత్రుల చుట్టలు విప్పి, పుస్తకం తెచ్చి అతడి ముందు పెట్టారు. రూజెరోకి సంగీతం రాదు, సైన్యం వచ్చు. అతడి కళ్లకు గీతల మీద చుక్కలు కోట గోడలుగానూ, వాటి నెత్తిన అంకెలు బురుజుకింతమంది కావలివాళ్లుగానూ కనబడ్డాయి.

"ఆరు ఏ బురుజోయ్?" అన్నాడు.

"అది బురుజు కాదు దొరా, పాట."

"పాటైతే పాడు."

గాస్పరో పాడాడు. రూజెరో గడ్డం గోక్కుంటూ విన్నాడు. నాలుగో స్వరం దగ్గర చెయ్యెత్తి ఆపించి, ఇది పాటైతే తన వంటవాడు కూడా ఆస్థాన గాయకుడేనని భటులతో అన్నాడు. బందీని కొట్టులో వేయించి రెండు పనులు చేశాడు. కోట ప్రార్థనమందిరంలో ఆర్గన్ వాయించే ముసలి సన్యాసిని ఒర్తెన్సియాకు చదువు ఎక్కువ గనుక, ఈ అంకెల గుట్టు విప్పమని ఆమెకు కబురు పంపాడు. ఒకవేళ ఆమె విప్పలేకపోతే ఉంటుందని, పుస్తకంలోని మొదటి పుటకు నకలు రాయించి, దాన్ని రౌతుకిచ్చి గాజుమేడకు పరుగెత్తించాడు. ఇరవై రోజులు ఎవరికీ అక్కర్లేకపోయిన మనిషి ఒక్క మధ్యాహ్నంలో వేటకు తగినవాడయ్యాడు.

ఒర్తెన్సియాకు డెబ్బై దాటాయి. సన్నని మనిషి, పెద్ద చేతులు. మర్నాటి ఉదయం బందీని ప్రార్థనమందిరంలోకి తెప్పించుకుని, భటులను తలుపు బయట నిలబెట్టి, కిటికీ వెలుగులో పుస్తకం తెరిచింది. మొదటి పుట చూసి కూర్చుంది. రెండో పుట తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ తరవాత మూలనున్న ఒక వస్తువు మీది గుడ్డ తీసింది. అది లావాటి గ్రంథంలా మడిచిపెట్టిన చిన్న ఆర్గన్. అట్టలు రెండూ తెరిస్తే అవే గాలి తిత్తులవుతాయి. మధ్యలో మీటలు, వాటి వెనక వేలెడేసి గొట్టాలు. తిత్తులు ఎత్తి దింపమని గాస్పరోకి చూపించి, తాను మీటల మీద చేతులుంచింది. నువ్వు నీది పాడు, ఆగవద్దు, అన్నది అంతే.

గాస్పరో మొదటి స్వరం ఎత్తుకున్నాడు. దాని మీద మరో నాలుగు స్వరాలు వచ్చి నిలిచాయి.

తెల్లవారే ముందు కొండ ఒక్కటే నల్లగా ఉంటుంది. తరవాత దాని మీద అడవి తెలుస్తుంది, అడవి మీద పొగమంచు, మంచు మీద రోజాపూల రంగు, అన్నిటి మీద ఎగిరే కొంగల బారు. కొండ కదలదు. కాని కొండ అక్కడ ఉండబట్టే అవన్నీ అక్కడ ఉన్నాయి. అతడు బరువుగా ఈడ్చుకొచ్చిన స్వరాల మీద ఒక వరస నడిచింది, ఒకటి దాన్ని వెన్నంటింది, ఒకటి అలిగి ఆగింది, ఒకటి అన్నిటికన్నా పైన చేరి వెలిగింది. ఎద్దు రంకెలా ఉందనుకున్న చోటు ఇప్పుడు తలుపు తెరుచుకున్నట్టుంది. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టిన పద్ధెనిమిది మాత్రల మౌనంలో ఇన్నాళ్లూ ఎంత జనం ఉన్నారో అతడు మొదటిసారి విన్నాడు. విరామం తరవాత మళ్లీ ఎత్తుకోవలసిన చోట ఎత్తుకోలేకపోయాడు.

ఒర్తెన్సియా మీటల మీద నుంచి చేతులు తీసింది. "ఈ అంకెలు నావి నాయనా," అంది. "నలభై ఏళ్ల కిందట అంబ్రోజియో దగ్గర చేరాను. గాయకుల బల్ల దగ్గర ఆడదానికి చోటు లేదన్నారు. తెర వెనక కూర్చుని ఆర్గన్ వాయించమని, నా చేతికి అడుగు పుస్తకం ఒక్కటే ఇచ్చేవాళ్లు. పైవాళ్లు ఏం పాడతారో తెలీకుండా నేనేం వాయించను? విని విని, ఏ స్వరం మీద ఎన్నో మెట్టున తోడు పలకాలో అంకె వేసుకునేదాన్ని. ఆరంటే ఆరో మెట్టు. అంతే."

"గురువుగారు ఒప్పుకున్నారా?"

"నవ్వారు. పాటకి పంచాంగం రాశావా అన్నారు."

అంత నవ్వినవాడు చివరికి దాన్నే ఎందుకు వాడుకున్నాడని గాస్పరో అడిగాడు. ఒర్తెన్సియా కారణాలు ఒకదాని వెనక ఒకటి వరసగా చెప్పింది. గాజుమేడలో మల్ఫేరియో తప్ప మరే మనిషి గొంతు విప్పినా చాలు, అది ఖాళీ కుప్పెలోకి పోతుంది. గొట్టాలకు కంఠం లేదు కనుక ఆర్గన్‌ను ఆ మాయ పట్టదు. అయిదుగురు గాయకులు వెళ్లినా అక్కడ పాడలేరని అంబ్రోజియోకి మొదటే తెలిసి ఉండాలి. పాత ఆస్థానంలో పెరిగిన మల్ఫేరియో, పాటంటే పై గొంతేననుకునే మనిషి. ముందు పై పుస్తకాల కోసమే వేటాడతాడు, అడుగు పుస్తకాన్ని పట్టించుకోడు. గాస్పరోతో పాటు బయలుదేరిన నలుగురూ తొమ్మిది రోజుల కిందటే సంకెళ్లతో ఈ కోట గుండా ద్వీపానికి పోయారు. తాను కిటికీలోంచి చూసింది.

గాస్పరో తిత్తుల మీద నుంచి చేతులు తీసుకున్నాడు. "అయితే వాళ్లు ఎర," అన్నాడు.

"ఎరే. నువ్వు ఉత్తరానివి. అంబ్రోజియో నాకు రాసిన ఉత్తరం."

అతడికి వచ్చిన కోపం చనిపోయినవాడి మీద. దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. ఆ నలుగురూ తన పెళ్లిలో పాడినవాళ్లు. తనను దళపతి చేతిలో పడే దారిన పంపించింది ఈవిడ కళ్లపడటానికేనంటే, పంపినవాడు తనకు ఒక్క ముక్కయినా చెప్పలేదు. ఒర్తెన్సియా అతణ్ణి కాసేపు కోపంగా ఉండనిచ్చి, నిన్న వెళ్లిన రౌతు సంగతి చెప్పింది. అంకెలు చూడగానే మల్ఫేరియోకి అన్నీ తెలిసిపోతాయి. కోప్పడటం దారిలో చేయవచ్చు, ముందు కదలమంది.

కోట దాటిన విధానం ఇది. పెద్ద ఆర్గన్ తిత్తి మీద ఒక బండరాయి ఎత్తి, అన్నిటికన్నా కింది గొట్టపు మీటను సీసపు గుండుతో అదిమిపెట్టారు. గాలి తీరేదాకా ఆ గొట్టం మోగుతుంది. నిన్నటి నుంచి గాస్పరో పాట విని విసిగిన భటులు తలుపు బయట ఆ మోత విని, వాడింకా లోపలే ఉన్నాడనుకుని ఎండలో పాచికలాటకు పోయారు. గాస్పరో కత్తెరతో గడ్డం కత్తిరించుకుని, సన్యాసిని దుస్తులు తొడుక్కుని, ముసుగు దించుకుని, మడత ఆర్గన్‌ను వీపున కట్టుకున్నాడు. ద్వారపాలకుడు ఇద్దరు సన్యాసినులనూ ఎగాదిగా చూశాడు.

"ఈ సోదరమ్మ ఇంత పొడవేంటమ్మా?"

"నీలాంటివాళ్ల పాపాలు పైనుంచి కనబడాలని," అంది ఒర్తెన్సియా.

వాడు నవ్వి, తన బిడ్డకు జ్వరమని, పొడుగు సోదరి నోట ఒక్క దీవెన మాట చాలని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమెది మౌనవ్రతమని ఒర్తెన్సియా చెప్పింది. గాస్పరో వాడి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ బిడ్డ బతకాలని నిజంగానే కోరుకున్నాడు. అంతలో ప్రార్థనమందిరంలో గాలి తీరి గొట్టం మోత సన్నబడి ఆగిపోయింది. వాళ్లు వంతెన దాటి మలుపు తిరిగేసరికి వెనక బూరలు మోగాయి. సన్యాసినులిద్దరూ పరుగెత్తారు; డెబ్బై దాటినావిడే ముందుంది.

రెండు రోజులు రెల్లు దుబ్బుల్లో నడిచి, మూడో రోజు తెల్లవారే సరికి ఉప్పు కయ్య చేరారు. ఏడాదిలోకెల్లా పొడవైన పగలు అదే. ఆకాశానికీ నీటికీ మధ్య గీత కనబడని చోటు. నడిమధ్యన గాజుమేడ, ఏడు అంతస్తులు, ఉదయకాంతిలో గులాబి రంగుకు, తేనె రంగుకు, ఏ పేరూ లేని రంగుకు మారుతూ నిలిచింది. చుట్టూ ఒక పక్షి కూత లేదు. చెరువుబాతులు ఈదుతూ నోళ్లు తెరిచి మూస్తున్నాయి, అంతే. ఉప్పు తీసేవాళ్ల పాత పడవ ఒకటి దొరికింది. గాస్పరో తెడ్డు వేశాడు.

సగం దూరంలో గద్దలు వచ్చాయి. ఎండ ముక్కలై కింద పడుతున్నట్టుంది. వాటికి కళ్లు లేవు. చప్పుడును బట్టి వేటాడతాయి. తెడ్డు నుంచి నీట్లోకి జారిన చుక్కల సవ్వడికి మొదటిది దూకి పడవ అంచును కోసుకుంటూ పోయింది. ఒర్తెన్సియా ఆర్గన్ విప్పమని సైగ చేసింది. విప్పిన చప్పుడుకు మరో రెండు తిరిగాయి. గాస్పరో తిత్తి నొక్కాడు. ఆమె ఒక మీట నొక్కింది. గద్దలు ఆ ధ్వని మీదికి తిన్నగా రాసాగాయి. రెండో మీట, మూడో మీట. అవి ఇంకా వస్తున్నాయి. నాలుగోదీ అయిదోదీ కలిసి పడేసరికి ముందున్న గద్ద రొమ్ములో ఒక తెల్లని గీత మొలిచి, రెక్కలదాకా పాకి, అది పడవ నెత్తినే పగిలింది. దాని వెనకవీ పగిలాయి. చాలాసేపు గాజు కురిసింది. తలెత్తి చూసేసరికి ఒర్తెన్సియా ఎడమచేతి వేళ్లు రెండు ఎముకదాకా తెగి ఉన్నాయి.

ఆమె ఆ చేతిని నీళ్లలో ముంచి తీసి, ముసుగు గుడ్డతో కట్టించుకుని, లెక్క చెప్పింది. కుడిచెయ్యి పై నాలుగు వరసలను ఏదో విధంగా పలికించగలదు. కింది వరసకు ఎడమచెయ్యి కావాలి. అది ఇప్పుడు లేదు.

కింది వరస తాను పాడతానని గాస్పరో అన్నాడు. అక్కడ నోరు విప్పితే ఏమవుతుందో అతడికి తెలుసునని ఆమెకు తెలుసు. అందుకని ఆ మాట ఎత్తలేదు. తిన్నగా, మెల్లగా పాడమని మాత్రం చెప్పింది. ఒక్కసారిగా గొంతెత్తితే మొదటి పుటలోనే అయిపోతుంది.

గాజుమేడ తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల నేల నుంచి కప్పుదాకా అరలు, అరల నిండా కుప్పెలు. గోరంత కుప్పెలు, గుమ్మడికాయంత కుప్పెలు, ఒక్కొక్కదానిలో పొగలాంటి ఒక వెలుగు. రోకాల్బా అరకు ముందూ వెనకా ఇంకా ఎన్నో నగరాల పేర్లున్నాయి. వాటిలో కొన్నిటిని గాస్పరో ఎన్నడూ వినలేదు. వెలుగులు మూతుల దాకా వచ్చి వెనక్కి మళ్లుతున్నాయి. నడిమధ్యన కొలిమి చల్లగా ఉంది. కప్పు మీది అద్దంలోకి ఆకాశం మాత్రమే వచ్చింది, సూర్యుడు ఇంకా రాలేదు.

మల్ఫేరియో శాలువా కప్పుకున్న సామాన్యుడైన ముసలివాడు. ఒర్తెన్సియాకు తల వంచి నమస్కరించాడు. నాలుగు పుస్తకాలు తన దగ్గరున్నా ఆ పాట తనకు వినబడలేదని, అంకెల నకలు చూశాక నిద్ర పట్టలేదని ఒప్పుకున్నాడు. శాలువాలోంచి ఒక చిన్న కుప్పె తీసి గాస్పరో చెవికి దగ్గరగా పట్టుకున్నాడు. లోపల జెనెవ్రా పిండి కలుపుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. రెండో చరణం ఎప్పటిలాగే మరిచిపోయి మొదటిదే మళ్లీ పాడుతోంది. అడుగు పుస్తకం ఇస్తే ఈ కుప్పె ఇస్తానన్నాడు మల్ఫేరియో.

గాస్పరో కళ్లు మూసుకుని ఆ చరణం పూర్తయ్యేదాకా విన్నాడు.

"ఊరంతా మూగగా ఉంటే," అన్నాడు, "ఆవిడొక్కతే ఎవరితో మాట్లాడుతుందయ్యా?"

ఆ కొద్ది మాటలు అంటుండగానే ఛాతీలోంచి ఏదో దారంలా జారడం అతడికి తెలిసింది. మల్ఫేరియో వెంటనే ఖాళీ కుప్పె ఒకటి అందుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ విద్యకు ఒక నియమం ఉంది: గొంతు దిగడం మొదలయ్యాక అది పూర్తిగా దిగి బిరడా పడేదాకా కుప్పెను చేతుల్లోంచి వదలకూడదు, వదిలితే గొంతు వచ్చిన దారినే పోతుంది. వాకిట్లో ఆర్గన్ విప్పుతున్న ముసలావిడను అతడు చూశాడు. తెగిన చెయ్యి చూశాడు. ఆ ఒక్క చేత్తో ఆమె ఏమీ చేయజాలదన్న నమ్మకం కొంతా, ఆ పాటను ఒక్కసారి వినాలన్న ఆశ కొంతా కలిసి అతణ్ణి అక్కడే నిలబెట్టాయి.

గాస్పరో తిత్తుల దగ్గర మోకరిల్లి, రెండు చేతులా వంతులవారీగా ఎత్తి దింపుతూ, మొదటి స్వరం పాడాడు. నాలుగు వరసలు దాని మీదికి వచ్చాయి. అన్ని అరలలోనూ వెలుగులు ఒక్కసారి నిలిచిపోయాయి. స్వరం వెంట స్వరంగా అతడి గొంతు ఎదుటి కుప్పెలో చేరుతోంది; బావి తోడినట్టు ప్రతి ఊపిరికీ నీరు ఇంకాస్త అడుగున తగులుతోంది. అరల మీద గాజు సన్నగా జలదరిస్తోందే గాని చిట్లలేదు.

పద్ధెనిమిది మాత్రల విరామం వచ్చింది. ఒర్తెన్సియా కుడిచెయ్యి ఒక్కటే పలుకుతోంది. గాస్పరో లెక్కపెట్టుకుంటూ తలెత్తాడు. మల్ఫేరియో పెదవులు కదులుతున్నాయి. బిరడా వేయవలసిన సమయంలో అతడు కూడా లెక్కపెడుతున్నాడు. పాత ఆస్థానంలో నేర్చినవాడు, విరామంలో కదలకూడదని ఎరిగినవాడు. ఇరవైనాలుగు రోజుల్లో గాస్పరోతో కలిసి మాత్రలు లెక్కపెట్టిన మనిషి అతడొక్కడే. పదహారు. పదిహేడు.

పద్ధెనిమిది దాటి గాస్పరో నోరు తెరిచాడు. ఊపిరి వచ్చింది, గొంతు రాలేదు.

పునాది లేని నాలుగు వరసలు గాలిలో ఊగాయి. మల్ఫేరియో ముఖంలో నిజమైన విచారం కనబడింది. బిరడా కోసం చెయ్యి చాచాడు. అప్పుడు ఒర్తెన్సియా గుడ్డ చుట్టిన ఎడమచేతిని ఎత్తి, కింది మీటల మీద ఉంచి, బరువంతా వేసింది. ఆమె నోట ఏ శబ్దమూ రాలేదు. మీటలు ఎర్రబడ్డాయి. అయిదు వరసలూ ఒక్కటిగా నిలిచిన ఆ చోట, కింది అరలో, మూలన, దుమ్ము పట్టిన ఒక కుప్పె ఠక్కున చిట్లింది.

అందులోంచి వచ్చింది రోకాల్బా గొంతు కాదు. ఏ ఊరిదో, ఎన్నేళ్ల కిందటిదో, ఒక ఇల్లాలు మధ్యలో ఆగిపోయిన మాటను పూర్తిచేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడమని ఎవరినో కేకవేసి, తలుపు దాటి నీటి మీదుగా వెళ్లిపోయింది. దాని పక్కది చిట్లింది. దాని పక్కది కూడా. మల్ఫేరియో చాచిన చెయ్యి బిరడా దగ్గరే ఆగిపోయింది; అతడు వింటున్నాడు. రోకాల్బా అర చాలా ఎత్తున ఉంది. ఇంకా రెండు పుటలున్నాయి. కప్పు అద్దంలో సూర్యుడి అంచు మెరిసి, కొలిమిలో మొదటి నిప్పు లేచింది. ఒర్తెన్సియా నుదుటి మీద చెమట పట్టి, కళ్లు తేలిపోతున్నాయి. ఆపవద్దమ్మా అని చెప్పడానికి అతడికి గొంతు లేదు. ఎడమ తిత్తి పూర్తిగా దిగిపోయింది. అతడు కుడిదాన్ని నొక్కుతూ ఎడమదాన్ని మళ్లీ పైకెత్తాడు.